బొగ్గా, గ్యాసా? బెంగళూరు ఇంటికి బార్బెక్యూ ఎంచుకోవడం ఎలా

బార్బెక్యూ కొందామన్న మాట ఇంట్లో రాగానే చర్చంతా రుచి చుట్టూ తిరుగుతుంది. బొగ్గుల మీద కాల్చిన కోడి రుచి గ్యాసుకు ఎక్కడిదని ఒకరంటారు, మసాలా సరిగా పడితే ఏ మంటయినా ఒకటేనని మరొకరు. రుచి సంగతి తర్వాత చూద్దాం. బెంగళూరులో కాపురం ఉంటున్నవారు ముందు తేల్చుకోవలసినవి రెండు: నిప్పు ఎక్కడ రాజేస్తారు, దాని దగ్గర ఎవరు నిలబడతారు. ఇవి తేలితే సగం నిర్ణయం అయిపోయినట్టే. ఇవేమీ ఆలోచించకుండా ఫొటోలు చూసి కొన్న బార్బెక్యూలు ఈ నగరంలో ఎన్ని బాల్కనీల్లో పూలకుండీల వెనక తుప్పు పడుతున్నాయో చెప్పలేం.

మొదట చోటు చూడండి

మారతహళ్లి, బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్ వైపు అపార్టుమెంటులో ఉంటే కొలత టేపు తీసే ముందు నివాసుల సంఘం నియమాలు తీయండి. బాల్కనీలో బొగ్గు రాజేయడానికి చాలా సంఘాలు ఒప్పుకోవు. కొన్ని గ్యాసు గ్రిల్‌కు కూడా ఒప్పుకోవు, విందులకని కేటాయించిన చోట మాత్రమే అనుమతిస్తాయి. అద్దె ఇల్లయితే యజమానిని అడగాలి. శాకాహారులకే ఇస్తానని చెప్పి మరీ ఇల్లిచ్చిన యజమాని పై అంతస్తులోనే ఉంటే ఆ సంభాషణ ఎలా సాగుతుందో మీకే తెలుసు.

నియమాలు ఒప్పుకున్నా బాల్కనీని ఒకసారి నిప్పు కన్నుతో చూడండి. పైన ఆరేసిన బట్టలు, వెదురు తెరలు, పావురాల కోసం కట్టిన నైలాన్ వల, ఏసీ బయటి యంత్రం, ఇవన్నీ చేతికందే దూరంలోనే ఉంటాయి. అద్దాలు బిగించిన బాల్కనీ, వంటగది వెనక ఉండే యుటిలిటీ గది ఆరుబయలు కిందికి రావు, గది కిందికే వస్తాయి. అక్కడ బొగ్గు ఊసే ఎత్తకండి. బొగ్గు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుష్కలంగా వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు కూడా మండవు. పొగ ఆగిపోయి నిప్పులు ఎర్రగా, ముచ్చటగా ఉన్నప్పుడు కూడా అది వస్తూనే ఉంటుంది. డిసెంబరు చలిలో, వంటయ్యాక మిగిలిన నిప్పులను గదిలోకి తెచ్చుకుని వెచ్చగా పడుకుందామన్న ఆలోచన ప్రాణాంతకం. కిటికీ కొద్దిగా తెరిచి పెట్టినంత మాత్రాన ప్రమాదం తొలగిపోదు.

మూసిన బాల్కనీ తప్ప వేరే చోటు లేనివారికి విద్యుత్ గ్రిల్ ఉంది. సుమారు 2,000 వాట్లు తీసుకుంటుంది కాబట్టి 16 ఆంపియర్ల ప్లగ్గులో పెట్టండి, పొడిగింపు తీగలు వద్దు. ఇక ముందుకు వెళదాం.

సొంత ఇల్లు, పైన డాబా ఉన్నవారిది అదృష్టం. కె.ఆర్.పురం, రామమూర్తినగర్ వైపు మన వాళ్ల ఇళ్లలో ఇప్పటికీ ఆ డాబాలు ఉన్నాయి. అయితే బెంగళూరు డాబా ఖాళీ స్థలం కాదు. ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు, పీవీసీ గొట్టాలు, సౌర నీటి హీటరు గాజు గొట్టాలు, డిష్ తీగ, బట్టల దండెం అన్నీ అక్కడే. వీటన్నిటికీ కనీసం పది అడుగుల దూరంలో ఒక చోటు ఎంచుకోండి. నీరు కారకుండా డాబాకు పూసిన పూత మీద నిప్పుల కుంపటి నేరుగా పెడితే పూత ఉడికి లేస్తుంది, వచ్చే వానకు కింది గది గోడ చెమ్మెక్కుతుంది. నాలుగు ఇటుకలు, వాటి మీద ఒక కడప బండ వేసి దానిపై పెట్టండి. పగటిపూట కాల్చేవాళ్లు గద్దల మీద కూడా ఒక కన్నేసి ఉంచాలి. పళ్లెంలో ఊరబెట్టిన ముక్కలు కనిపిస్తే ఈ ఊరి గద్దలు మొహమాటపడవు.

గాలి, వాన కూడా చోటు లెక్కలోనివే. జూన్, జూలైలో బెంగళూరులో గాలి జోరుగా వీస్తుంది. చిన్న గ్యాసు బర్నర్లు ఆరిపోతుంటాయి, బొగ్గు నిప్పురవ్వలు ఎగురుతాయి. మే నెలలోనూ, ఆగస్టు నుంచి అక్టోబరు దాకానూ సాయంత్రం అయ్యేసరికి మబ్బు కమ్ముతుంది. గ్యాసును ఒక్క తిప్పుతో ఆపి మూత వేసి లోపలికి పరుగెత్తవచ్చు. రాజుకున్న బొగ్గును ఎక్కడికి తీసుకెళతారు? రేకుల కప్పు లేని డాబాకు ఇది ముఖ్యమైన ప్రశ్న.

రెండోది, ఏం కాలుస్తారో రాసుకోండి

రుచి వాదం ఇక్కడ తేలుతుంది. పొగ రుచి బొగ్గులోంచి వస్తుందని చాలామంది అనుకుంటారు. బాగా రాజుకున్న బొగ్గు దాదాపు పొగే వదలదు. కొవ్వు, మసాలా రసం కారి నిప్పు మీద పడి చుయ్‌మని ఆవిరై, ఆ ఆవిరి తిరిగి మాంసానికి పట్టుకుంటుంది. ఆ వాసనే మనం మెచ్చుకునేది. గ్యాసు గ్రిల్‌లో బర్నర్ల మీద ఉండే ఇనుప పట్టీలు చేసే పని కూడా ఇదే, కాస్త తక్కువగా. పట్టీలు లేని చవక గ్యాసు గ్రిల్ కొంటే అది బయట పెట్టుకున్న పొయ్యి మాత్రమే.

రెండో తేడా తేమ. ఒక కిలో ఎల్‌పీజీ మండితే సుమారు కిలోన్నర నీరు ఆవిరిగా పుడుతుంది. బొగ్గు దాదాపు అంతా కార్బనే కాబట్టి దాని సెగ పొడిగా ఉంటుంది. అందుకే బొగ్గు మీద చర్మం కరకరలాడుతుంది, ముక్క అంచులు త్వరగా నల్లబడతాయి.

ఈ రెండూ గుర్తు పెట్టుకుని మీ పట్టిక చూడండి. చర్మంతో ఉన్న కోడి కాళ్లు, కొవ్వున్న మేక మాంసం, కీమా కబాబులు అయితే బొగ్గుకు ఓటు వేయండి. ఎముక లేని కోడి ముక్కలు, వంజరం ముక్కలు, రొయ్యలు అయితే తేడా తక్కువ. అయిదారు నిమిషాల్లో అయిపోయే వంటకు నిప్పుల కోసం ముప్పావు గంట కాచుకోవడం దండగ. పనీరు, క్యాప్సికం, పుట్టగొడుగులు తినే శాకాహారుల ఇంటికి గ్యాసు చాలు. కారడానికి కొవ్వే లేనప్పుడు బొగ్గు గొప్పతనం సగం పోతుంది. ఒక్క వంకాయ మాత్రం దీనికి లొంగదు. పచ్చడి కోసం గుండ్రటి పెద్ద వంకాయను నిప్పుల మధ్య పూడ్చి, తొక్క బొగ్గయ్యేదాకా వదిలేసి, లోపలి గుజ్జును పచ్చిమిర్చి, చింతపండుతో నూరి చూడండి. గ్యాసు మంట మీద కాల్చినది దాని పక్కన నిలవదు. మొక్కజొన్న పొత్తు సంగతీ అంతే.

నాటుకోడిని మాత్రం రెండింటి మీదా నేరుగా కాల్చకండి. ముందు ఉడకబెట్టి, చివర రంగు కోసం సెగ చూపించండి. మేక మాంసానికి పచ్చి బొప్పాయి తురుము పట్టించి గంట సేపు ఉంచితే మెత్తబడుతుంది. రాత్రంతా ఉంచితే పిండి పిండి అవుతుంది.

మూడోది, మీ సాయంత్రం ఎంత పొడుగో చూసుకోండి

శుక్రవారం ఎనిమిదింటికి ఔటర్ రింగ్ రోడ్డు నుంచి ఇల్లు చేరే మనిషి బొగ్గు రాజేయడు. మొదటి నెల ఉత్సాహంలో రాజేస్తాడు, తర్వాత మానేస్తాడు. గ్యాసు గ్రిల్ వెలిగించి మూత వేస్తే పది, పదిహేను నిమిషాల్లో సిద్ధం. వంట అయిన గంటలో ఎత్తి పెట్టవచ్చు. బొగ్గుకు రాజేయడానికి అరగంట నుంచి ముప్పావు గంట, మధ్యలో సెగ చూసుకునే మనిషి ఒకరు, అయిపోయాక మర్నాటిదాకా కాపలా కావాలి.

దీనికి మరో వైపు కూడా ఉంది. ఆదివారం బావమరుదులు, తోడల్లుళ్లు పిల్లలతో వచ్చినప్పుడు ఆ ముప్పావు గంటే అసలు విందు. ఒకరు విసనకర్ర పట్టుకుంటారు, ఇంకొకరు బొగ్గు సరిగా పేర్చలేదని వంకలు పెడతారు, పిల్లలు పొత్తులు ఎప్పుడని వేధిస్తారు. గ్యాసు చుట్టూ ఇలా ఎవరూ మూగరు. కాబట్టి లెక్క సులభం: నెలకు మూడు నాలుగు సార్లు ఇంటిల్లిపాది కోసమైతే గ్యాసు, రెండు మూడు నెలలకోసారి పదిమంది కూడే సందర్భాలకైతే బొగ్గు.

ఇంకా ఎటూ తేలకపోతే నా సలహా బొగ్గే, అదీ చిన్నది, చవకది. రెండు మూడు విందుల తర్వాత దాన్ని వాడుతున్నారో లేదో మీకే తెలుస్తుంది. వాడకపోతే పోయింది తక్కువ. పెద్ద గ్యాసు గ్రిల్‌తో మొదలుపెడితే వెనక్కి రావడం ఖరీదు. అపార్టుమెంటు వాళ్లకు ఈ సలహా వర్తించదు. వాళ్లు గ్యాసు కొని, పొగ రుచి కావాలనిపించినప్పుడు ఒక చిట్కా వాడుకోవచ్చు: కాల్చిన ముక్కల గిన్నె మధ్యలో చిన్న స్టీలు గిన్నె పెట్టి, అందులో ఎర్రటి బొగ్గు ముక్క ఒకటి వేసి, దాని మీద చెంచా నెయ్యి పోసి, గట్టిగా మూత పెట్టి అయిదు నిమిషాలు ఉంచాలి. ఉత్తరాది వంటవాళ్లు దీన్ని ధుంగార్ అంటారు. వచ్చిన చుట్టాలు బొగ్గుల మీదే కాల్చారనుకుంటారు, మీరు కాదనకండి.

నాలుగోది, ఇంధనం ఎక్కడ దొరుకుతుంది, ఎంత ఖర్చవుతుంది

గ్యాసు లెక్క ఇలా వేయండి. 3 కిలోవాట్ల బర్నర్ పూర్తిగా తెరిస్తే గంటకు పావు కిలోకు కాస్త తక్కువ ఎల్‌పీజీ తాగుతుంది. రెండు బర్నర్లు గంటన్నర వెలిగితే ముప్పావు కిలోకు లోపే. ఇంటి సిలిండరులో ఉండేది 14.2 కిలోలు. ఈ నెల ధరను 14.2తో భాగిస్తే కిలో ఎంతో వస్తుంది, మిగతాది మీరే లెక్కగట్టండి. పదిమందికి రెండు కిలోల మాంసం కాల్చడానికి రెండు మూడు కిలోల బొగ్గు పడుతుంది. చాలా ఇళ్లలో లెక్క గ్యాసు వైపే మొగ్గుతుంది.

వంటింటి సిలిండరు విప్పి డాబా మీదికి మోయడం మంచి అలవాటు కాదు. 5 కిలోల చిన్న సిలిండర్లు కంపెనీలే అమ్ముతున్నాయి, ఇండేన్ దాన్ని ఛోటూ అనే పేరుతో ఇస్తోంది. గుర్తింపు కార్డు చూపించి తీసుకోవచ్చు. పై లెక్కన రెండు బర్నర్లకు ఇది సుమారు పది గంటలు వస్తుంది. వీధి దుకాణాల్లో పెద్ద సిలిండరు నుంచి నింపి ఇచ్చే బుల్లి సిలిండర్ల జోలికి వెళ్లకండి. ఆ నింపడం చట్టవిరుద్ధం, ఎంత నింపారో వాళ్లకే తెలియదు.

ఇంటికి గొట్టపు గ్యాసు ఉంటే ఒక మాట. బెంగళూరులో గెయిల్ గ్యాస్ ఇచ్చేది సహజ వాయువు, ఎల్‌పీజీ కాదు. ఎల్‌పీజీ కోసం చేసిన గ్రిల్‌ను దానికి తగిలిస్తే మంట గుడ్డిదీపంలా ఉంటుంది. సహజ వాయువు కోసం చేసినదాన్ని ఎల్‌పీజీకి తగిలిస్తే మంట నిలువెత్తున లేస్తుంది, ఇది మరీ ప్రమాదం. జెట్లు, అంటే బర్నరులోకి గ్యాసు వదిలే సన్న రంధ్రాల బిళ్లలు, మార్చడం కంపెనీ మనిషి పని.

బొగ్గు కొనేటప్పుడు చేత్తో పట్టుకుని చూడండి. మంచి కర్ర బొగ్గు తేలిగ్గా, లోపలిదాకా నల్లగా ఉంటుంది. రెండు ముక్కలు కొడితే ఖంగుమంటుంది. గోధుమరంగు చారలు కనిపిస్తే కర్ర సగమే కాలిందని అర్థం, అది పొగ చిమ్మి కళ్లు మండిస్తుంది. ఇస్త్రీ బండివాళ్లను అడిగితే దగ్గరలో ఎవరు బస్తాల్లో అమ్ముతారో చెబుతారు, సూపర్‌మార్కెట్ సంచి కన్నా అది చవక. బస్తా అడుగున పొడి ఎంత ఉందో మాత్రం చూసుకోండి, పొడి కొంటే గాలి ఆడక మంట చస్తుంది. కొబ్బరి చిప్పల బొగ్గు ఖరీదెక్కువ. కానీ బూడిద తక్కువ, చిటపటలు తక్కువ, సెగ ఎక్కువసేపు నిలుస్తుంది. హుక్కాల కోసం అమ్మే, అగ్గిపుల్ల గీయగానే చిటచిటమని అంటుకునే బిళ్లలు తిండికి పనికిరావు, వాటిలో మందు కలుపుతారు. గనుల నుంచి వచ్చే రాక్షసి బొగ్గు అసలే వద్దు.

అయిదోది, దుకాణంలో చూడవలసినవి

బొగ్గు బార్బెక్యూలో అన్నిటికన్నా ముఖ్యం మూత. అడుగున ఒక గాలి రంధ్రం, మూత మీద ఒకటి, రెండూ తెరిచి మూయగలిగేలా ఉండాలి. మన కుంపట్లకు లేనిది ఇదే. మూత ఉంటే సెగ మీ చేతిలో ఉంటుంది, లేకపోతే గాలి చేతిలో. గుండ్రటి కెటిల్ ఆకారంలో కనిపించేవన్నీ 1952లో అమెరికాలో జార్జ్ స్టీఫెన్ అనే లోహపు పనివాడు చేసిన దానికి వారసులే. ఆ నమూనా నుంచే వెబర్ గ్రిల్ పుట్టింది. ఆయన సమస్య కూడా గాలీ వానే. నలుగురైదుగురికి 47 సెంటీమీటర్ల వ్యాసం చాలు, పదిమంది వచ్చే ఇంటికి 57 తీసుకోండి. రేకును బొటనవేలితో నొక్కండి, వంగితే రెండు కాలాలు కూడా నిలవదు. జాలీ చువ్వలు సన్నగా, మెరిసే పూతతో ఉంటే ఆ పూత ఊడి వస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలుదో, పోత ఇనుముదో చూడండి.

వెల్డింగ్ షాపులో చేయించుకునేవాళ్లు గాల్వనైజ్డ్ రేకు వాడనివ్వకండి. బాగా వేడెక్కితే దాని జింకు పూత విషపు పొగ వదులుతుంది. రసాయనాలు నిలవ చేసిన పాత డ్రమ్ము సగానికి కోసి తెస్తే ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు.

గ్యాసులో కనీసం రెండు బర్నర్లు, విడివిడి నాబ్‌లు కావాలి. ఒక్క బర్నరుదైతే ఒక పక్క మంట, ఒక పక్క ఖాళీ అనే సదుపాయం పోతుంది, ఎముక ఉన్న కోడి ముక్క పైన మాడి లోపల పచ్చిగా మిగులుతుంది. కొవ్వు కారి పడే పళ్లెం సులభంగా బయటికి రావాలి. మన ఇంటి రెగ్యులేటరు సుమారు 30 మిల్లీబార్ల తక్కువ పీడనంతో గ్యాసు ఇస్తుంది. గ్రిల్ దానికి సరిపోతుందో లేదో అడగండి. అమెరికా నుంచి తిరిగొచ్చినవాళ్లు సామాన్లతో పాటు కంటెయినరులో తెచ్చిన గ్రిల్స్ సర్జాపుర వైపు తరచుగా అమ్మకానికి వస్తుంటాయి. చూడటానికి ఘనంగా ఉంటాయి, ధర కూడా ఊరిస్తుంది. వాటి బిగింపు మన సిలిండరుకు కుదరదు, కుదిర్చే తంటాలు పడవద్దు. గొట్టం ఐఎస్ఐ గుర్తున్న సురక్ష గొట్టమే కొనండి, అయిదేళ్లకోసారి మార్చండి.

ఆరోది, మొదటిసారి వెలిగించడం

బొగ్గుకు చిమ్నీ అనే రేకు గొట్టం కొనుక్కోండి, ఖర్చు తక్కువ, సుఖం ఎక్కువ. అడుగున రెండు దినపత్రిక కాగితాలు నలిపి, వాటి మీద చెంచాడు వంట నూనె చిలకరించండి. నూనె వల్ల కాగితం నిదానంగా కాలుతుంది. పైన బొగ్గు నింపి అంటించండి. కొబ్బరి పీచు ఉంటే ఇంకా మంచిది. కిరోసిన్, పెట్రోలు మాట ఎవరైనా ఎత్తితే వాళ్లకు ఉల్లిపాయలు తరిగే పని అప్పగించండి. పావుగంట, ఇరవై నిమిషాలకు పై ముక్కల అంచులకు బూడిద రంగు వస్తుంది. అప్పుడు కుంపటిలోకి ఒంపి, సగం వైపే పేర్చండి, రెండో సగం ఖాళీగా వదలండి. నల్ల బొగ్గు మీద మాంసం పెట్టకండి. పూర్తిగా నివురుగప్పే దాకా ఆగండి.

సెగ తెలుసుకోవడానికి జాలీకి జానెడు ఎత్తున అరచేయి పెట్టి చూడండి. రెండు మూడు లెక్కపెట్టేలోపు చెయ్యి తీసేయాల్సి వస్తే గట్టి సెగ, అది రొయ్యలకు, కబాబులకు. అయిదారు దాకా ఓర్చుకోగలిగితే మధ్యస్థం, అది కోడికి. కోడి ముక్కలకు ముందు నిప్పుల మీద రంగు తెప్పించి, తర్వాత ఖాళీ వైపుకు జరిపి మూత వేయండి. ఎముక పక్కన లోపల 74 డిగ్రీల సెల్సియస్ చేరాలి. చిన్న థర్మామీటరు కొంటే ఊహాగానాలు ఉండవు.

గ్యాసుకు ముందు సబ్బు నీళ్లు. గొట్టం రెండు చివరలా, రెగ్యులేటరు చుట్టూ సబ్బు నురగ పూసి సిలిండరు తెరవండి. బుడగలు లేస్తే మూసి, మళ్లీ బిగించి చూడండి. వెలిగించేటప్పుడు మూత తెరిచే ఉండాలి, ఇది మరవకండి. మూత మూసి ఉంటే లోపల గ్యాసు నిండి, రవ్వ పడగానే మొహం మీదికి వస్తుంది. మధ్యలో ఆరిపోతే అన్నీ కట్టేసి అయిదు నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి. ఎల్‌పీజీ గాలి కన్నా బరువు కాబట్టి కిందికి దిగి నేల మీద పేరుకుంటుంది. సిలిండరు పక్కన మెట్ల గుంత గానీ, నీళ్ల సంపు మూత గానీ ఉండకూడదు. లీకేజీ అనుమానం వస్తే 1906కు ఫోన్ చేయండి. కొవ్వు అంటుకుని మంట లేస్తే నాబ్‌లు, సిలిండరు కట్టేయండి. నీళ్లు పోయకండి, చిమ్మిన కొవ్వుతో పాటు మంట కూడా పాకుతుంది. పక్కన ఒక ఉప్పు డబ్బా పెట్టుకుంటే చాలు.

ఆఖర్న, ఆర్పడం

జాలీ వేడిగా ఉండగానే సగం కోసిన ఉల్లిపాయను ఫోర్కుకు గుచ్చి రుద్దండి, అంటుకున్నదంతా ఊడుతుంది. ఇనుప తీగల బ్రష్షు వాడితే ఊడిన తీగ ముక్క తర్వాతి కబాబులో తేలే ప్రమాదం ఉంది. గ్యాసు గ్రిల్‌లో కొవ్వు పళ్లెం ప్రతిసారీ కడగండి. ఆలస్యం చేస్తే మర్నాటి ఉదయానికి చీమలు, వారానికి ఎలుకలు.

బొగ్గు బార్బెక్యూకు పైనా కిందా రంధ్రాలు మూసి, మూత వేసి అలాగే వదిలేయండి. గాలి అందక నిప్పు ఆరుతుంది, మిగిలిన బొగ్గు మరోసారికి పనికొస్తుంది. పైకి చల్లారినట్టు కనిపించే బూడిదలో ఒక రోజు తర్వాత కూడా నిప్పు దాగి ఉండవచ్చు. కాబట్టి ప్లాస్టిక్ చెత్తబుట్టలో గానీ, పొద్దున్నే వచ్చే చెత్త బండిలో గానీ వేయకండి. మూత ఉన్న ఇనుప బకెట్‌లో ఎత్తి, రెండు రోజుల తర్వాత నీళ్లు చల్లి కలపండి. అచ్చమైన కర్ర బొగ్గు బూడిదైతే గుప్పెడు మొక్కలకు వేయవచ్చు. బొగ్గు పొడిని అచ్చుపోసి చేసే బ్రికెట్ల బూడిదను మాత్రం చెత్తలోకే పంపండి.